కళ్ళు పెట్టిన కూరగాయలు

బీటుదుంప రసం గోళ్ళ కిందికి దిగితే సబ్బుకు పోదు, చింతపండుకు పోదు, బట్టలసోడాకు కొంచెం పోతుంది. పాలిటెక్నిక్‌లో ఉన్నన్నాళ్ళు నా చేతులకు గ్రీజు అంటింది, కటింగ్ ఆయిల్ అంటింది, ఇండియన్ ఇంకు అంటింది. వాటిలో దేన్నీ నేను అసహ్యించుకోలేదు. నా చేతులను చూసి నాకే డోకు వచ్చింది ఒక్కసారే. అది చీపురుపల్లికి దగ్గర్లో ఉన్న మా అక్క అత్తవారి ఊళ్ళో, కార్తీక మాసం వనభోజనం నాడు.

మెకానికల్ డిప్లొమా చేతికి వచ్చి, ఉద్యోగం ఇంకా రాని ఏడాది అది. ఖాళీగా ఉన్నవాణ్ణి ఎవరింటికైనా, ఏ పనికైనా పంపొచ్చని మా నాన్న నమ్మకం. అక్క కబురు చేసిందనగానే, ఎందుకని కూడా అడక్కుండా నన్ను రైలెక్కించాడు.

అక్క అత్తవారు వరి, చోళ్ళని పిలిచే రాగులు, వేరుశనగ పండించే రైతులు. కార్తీకం తప్ప మిగతా ఏడాదంతా ఆ వంటింట్లో ఎండుచేపల వాసన ఉంటుంది. కార్తీకం రాగానే చేపల కుండను మూతకట్టి పశువుల సాలలో పెట్టేస్తారు. అక్క అత్త, అంటే మా బావ తల్లి, ఏకాదశి నాడు మంచినీళ్ళు కూడా ముట్టదు. మర్నాడు క్షీరాబ్ది ద్వాదశి. అక్కడ వాగును గెడ్డ అంటారు. ఆ గెడ్డ పక్కన వాళ్ళ మామిడితోపులో ఒక ఉసిరిచెట్టు ఉంది. ద్వాదశి తిథి దాటిపోకుండా ఆ చెట్టు కింద కూర్చుని భోజనం చేస్తుంది. ఇంటిల్లిపాదీ ఆ రోజు అక్కడే తింటారు.

అన్నేళ్ళూ తోపులో వంట ఆమే చేసింది. ఆ ఏడు మోకాళ్ళు పట్టేశాయి. గరిటె పెద్దకోడలి చేతికి వెళుతుందని అందరూ అనుకున్నారు. కానీ అత్త అందరూ వింటుండగా, ఈసారి తోపు వంట చిన్నకోడలు చేస్తుందని చెప్పేసింది. చిన్నకోడలు మా అక్క. ఆ మాట విన్న దగ్గరనుంచి అక్కకు నిద్ర లేదు. నాకు కబురు చేసింది కూడా అందుకే. చీపురుపల్లి సంతలో కూరగాయలు కొంటూ నాతో అంది:

"అత్త నా సేతి కూరతో తిని లెగిస్తే సాలు తమ్ముడూ. తినకుండా లెగిసిందంటే ఆ గరిటె మళ్ళీ నాకు రాదు. మా తోడికోడలు దానికే సూస్తన్నాది."

అంతటితో ఊరుకుని, తనకు వచ్చిన వంకాయ కూరో, ఆనపకాయ పులుసో చేసి ఉంటే సరిపోయేది. కానీ ఆ నెల మొదట్లో బ్లాకు ఆఫీసునుంచి ఒకావిడ వచ్చి, ఆడవాళ్ళను బడి వరండాలో కూర్చోబెట్టి, కూరగాయలతో బొమ్మలు చేసి పళ్ళెంలో అమర్చడం చూపించింది. కూర తినని పిల్లలు కూడా బాతులా చేసి పెడితే తింటారని చెప్పింది. అక్క పిల్లలు కూర తినకపోవడమన్నది ఎప్పుడూ లేదు. ఏది పెట్టినా తింటారు, పెట్టనిది కూడా తింటారు. అయినా ఆ పళ్ళెం అక్క బుర్రలో పడిపోయింది. పచ్చివి తినమన్న సంగతి మాత్రం వదిలేసింది, పచ్చికూర పశువులు తింటాయి గనక. ముందు పిల్లలచేత బొమ్మలు చేయించి, పళ్ళేల్లో అమర్చి అత్తకు చూపించి, ఆవిడ మెచ్చుకున్నాక వాటినే ముక్కలు కోసి కూర వండేయాలని అక్క లెక్క.

సంతలో కొన్నవి: వంకాయలు, బీరకాయలు, ఆనపకాయలు, ఒక పొట్లకాయ, దోసకాయలు, అరటికాయలు, చిలగడదుంపలు. స్టేషను దగ్గర కొట్లో రైల్లో దిగే బీటుదుంపలూ, కారెట్లూ. ఇంటి కప్పు మీద కాసిన గుమ్మడికాయ వేరే. కూరలకని అక్క దగ్గర ఉన్నదంతా ఇదే. అన్నీ బొమ్మలకే.

ద్వాదశి నాడు పొద్దున్నే అక్కా, నేనూ, ముగ్గురు పిల్లలూ మొదటి బండిలో తోపుకు చేరాం. బావ ఎద్దులను విప్పి కట్టేసి, అడ్డాకు విస్తర్లు తేవడానికి ఊళ్ళోకి వెళ్ళాడు. అక్క రాళ్ళు పేర్చి పొయ్యి వెలిగించింది. పిల్లలను నాకు అప్పగిస్తూ, నీకు గీతలు గియ్యడం వచ్చు గదా, నువ్వే చేయించు అంది.

గీతలు గీశాను. పుల్లతో నేలమీద బాతును ముందునుంచి, పక్కనుంచి, పైనుంచి చూస్తే ఎలా ఉంటుందో వేసి చూపించాను. పెద్ద పిల్ల, తొమ్మిదేళ్ళది, చాలాసేపు చూసింది.

"మూడు బాతులా మావా? ఇందులో ఇది సచ్చిపోయినాదా?"

పైనుంచి చూసిన బాతును చూపించి అడిగింది. నేను గీతలు చెరిపేశాను.

ఆ తరువాత పనికి ఒక వరస పెట్టాను. ముందు కడగడం, తరువాత తొక్క తీయడం, తరువాత కోయడం, తరువాత పుల్లలతో అతకడం, అన్నిటికన్నా చివర కళ్ళు. కళ్ళకు మిరియాలు. చేతులు తగిలితే మిరియం ఊడిపోతుంది గనక అది చివరి పనే కావాలి. వర్క్‌షాపులో మాకు అలాగే నేర్పారు. ఈ వరస తప్పితే ఊరుకోనని చెప్పాను. పిల్లాడు, ఆరేళ్ళవాడు, బీరకాయతో మొసలి చేస్తానన్నాడు. తొక్క తీసేస్తే మొసలికి గరుకు ఎక్కడిదని ఏడ్చాడు. అయినా తీయించాను. నున్నటి మొసలి తయారైంది. దాన్ని చూస్తే గెడ్డలో ఈత కొట్టేదానిలా లేదు, ఎవరో నమిలి ఉమ్మేసినట్టుంది.

గుమ్మడికాయ దగ్గర అక్క పిలిచింది. ఆ ఇళ్ళలో నిండు గుమ్మడికాయ మీద ఆడవాళ్ళు మొదటి కత్తి వేయరు. మగవాడు వేసి చీల్చాకే వాళ్ళు ముట్టుకుంటారు. నేను వేశాను. లోపలి పీచూ, గింజలూ, జిగురూ కలిసి నా ముంజేతిదాకా వచ్చాయి. అక్కడినుంచి ఆ రోజు నాకు శుభ్రమన్నది లేదు.

చిన్నపిల్లల చేతులు అందమైనవని ఎవరైనా అంటే, ఆ చేతులతో కూర తరిగించి చూడమంటాను. పిల్లాడికి ముక్కు ఎప్పుడూ కారుతూనే ఉంటుంది. ఒక గీత గీకడం, ఒకసారి మోచేత్తో ముక్కు తుడవడం, మళ్ళీ గీకడం. నేను కడిగి రమ్మంటే గెడ్డదాకా వెళ్ళి, కాళ్ళు తడుపుకుని, చేతులు అలాగే వచ్చేవాడు. పెద్ద పిల్ల కోసిన వంకాయలో పురుగు బయటపడింది. దాన్ని పారేయమంటే, బాతుకు నాలుకగా ఉంటుంది, ఉండనీ అంది. అతకడానికి పుల్లలు తెమ్మంటే బండి కిందనుంచి చీపురు పట్టుకొచ్చి ఈనెలు విరవడం మొదలుపెట్టింది. అది పేడ ఊడ్చే చీపురు. నేను చూసేసరికే బాతు మెడలో ఒకటి, ఏనుగు తొండంలో ఒకటి గుచ్చేసింది. ఆఖరు పిల్లకు మూడేళ్ళు. నేలమీద పడింది ఏదైనా, ఎంతదైనా, దాని నోట్లోకి వెళ్ళాల్సిందే. కొరికి చూసి, నచ్చకపోతే తొక్కల బుట్టలో వేసేది. ఎవరో నేర్పినంత శ్రద్ధగా బుట్టలోనే వేసేది.

ఆనపకాయ బంక వేళ్ళమధ్య తీగలు సాగుతోంది. ఈగలు ఎక్కడ ఉండేవో, తోపులో ఉన్నవన్నీ మా చుట్టే చేరాయి. వంకాయల కోతలు గోధుమరంగుకు తిరిగి, తరువాత నల్లబడి, తడిసిన అట్టముక్కల్లా అయ్యాయి. ఒకసారి పని వాళ్ళకే వదిలేసి గెడ్డకు వెళ్ళి ఇసుకతో చేతులు రుద్దుకున్నాను. బీటుదుంప ఎరుపు పోలేదు. తిరిగి వచ్చేసరికి పెద్ద పిల్ల నా వరస తప్పించింది. దోసకాయ తాబేలుకు ముందే కళ్ళు పెట్టేసి, ఆ తరువాత తీరిగ్గా వీపు మీద తొక్క చెక్కుతోంది.

మొత్తానికి ఇత్తడి పళ్ళేలు రెండూ నిండాయి. ఆనపకాయ బాతు, గుమ్మడికాయ ఏనుగు, వంకాయ ఎలుకలు, చుట్ట చుట్టుకున్న పొట్లకాయ పాము, ఆ మొసలి, ఆ తాబేలు. మిగతావన్నీ చేపలే. కార్తీకం మొదలైనప్పటినుంచి చేపల పులుసు లేక అల్లాడిపోతున్న పిల్లాడు చిలగడదుంపలూ, అరటికాయలూ దొరికినవి దొరికినట్టు చేపలు చేసి, వాటికి గోటితో పొలుసులు కూడా గిచ్చాడు. కారెట్ రేకులు, బీటుదుంప చక్రాలు అంచున పేర్చారు. ఎండ పడగానే బీటుదుంప ఊరి, ఎర్రటి నీళ్ళు పళ్ళెంలోకి దిగి, చేపల పొట్టల కింద నిలిచాయి. చీపురుపల్లి సంతలో మాంసం కొట్ల వరస పక్కనుంచి ముక్కు మూసుకుని నడిచేవాణ్ణి నేను. ఆ పళ్ళేన్ని చూసినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ వరసే.

రెండో బండి వచ్చింది. అక్క అత్త, పెద్దకోడలు దిగారు. ముసలావిడ ఉసిరిచెట్టు చుట్టూ కుంటుతూ తిరిగి, దీపం పెట్టి, చాప మీద కూర్చుంది. ముందురోజునుంచి ఏమీ లేకపోవడంతో పెదాలు తెల్లబడి ఉన్నాయి. సూర్యుడు నడినెత్తి దాటితే తిథి దాటిపోతుందని పురోహితుడు చెప్పాడట. అక్క రెండు పళ్ళేలూ తెచ్చి ఆవిడ ముందు పెట్టి, కొంగు సర్దుకుని నిలబడింది.

ఆవిడ వంగి చూసింది. ఒక చేపను వేలితో తిప్పింది. అది మిరియపు కన్నుతో ఆవిడకేసి చూసింది.

"ఇదేటే?"

కూరగాయలే అత్తా, పిల్లలు చేశారు, ఇప్పుడే కోసి వండేస్తాను అని అక్క గబగబా చెప్పింది.

"గుమ్మడికాయకి పేణముంటాదనే గదా ఆడోళ్ళం ముందు కత్తెయ్యం," అంది ఆవిడ. గొంతు పెంచలేదు. "ఒట్టి కాయకే అలగుంటే, దానికి ముక్కూ మొకం ఎట్టి, కళ్ళు కూడా ఎట్టేసేక దాన్నేటంటారు? కార్తీకంలో, దోదశి పూట, నా ఇస్తట్లో సేపలేస్తావా?"

పెద్దకోడలు మెడ సాచి చూసింది.

"నెత్తురు కూడా కారతన్నాది అత్తా."

అక్క ముఖం మాడిపోయింది. కళ్ళు పీకేస్తానంది. గుడ్డిదాన్ని చేసి తినమంటావా అని అత్త అడిగింది. అక్క పొయ్యికేసి చూసింది. పొయ్యి మీద అన్నం తప్ప ఇంకేమీ లేదు.

అప్పుడు పెద్ద పిల్ల ముందుకు వచ్చింది. వినాయక చవితి అయ్యాక బొమ్మకు ఉద్వాసన చెప్పినట్టు చెబితే ప్రాణం పోతుంది గదా మామ్మా అంది. అని ఊరుకోలేదు. రెండు చేతులతో పళ్ళెం పట్టుకుని, పురోహితుడు చేసినట్టే ఈశాన్యం వైపు మూడుసార్లు కదిపింది. బాతు తల ఊడి పడింది. చీపురు ఈనె మాత్రం మెడలో నిలబడి ఉంది.

ముసలావిడ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. నిజంగానే ఆలోచించింది.

"బాగానే సెప్పేవే గుంటా. పేణం పోయినాదనుకో. పేణం పోయిన సేపనేటంటారు?"

"సచ్చిన సేపంటారు," అన్నాడు పిల్లాడు.

"సచ్చిన సేపని కార్తీకంలో తింటామేట్రా?"

"తినం. పులుసెట్టి దాసుకుంటాం."

ఆవిడ తీర్పు చెప్పేసింది. రెండు పళ్ళేలూ గెడ్డలో కలిపేయాలి. పిల్లలకు అంతకన్నా కావలసింది లేదు. వినాయకుణ్ణి సాగనంపినట్టు అరుచుకుంటూ పళ్ళేలు మోసుకెళ్ళారు. జారిపడతారని నేనూ వెనకే వెళ్ళాను. వానల్లేక రెండేళ్ళపాటు చోడి అంబలితో గడిపిన ఊరది. ఆ ఊరి గెడ్డలో ఇంటిల్లిపాదికీ సరిపోయే కూర తేలుతూ వెళ్ళిపోయింది. ఏనుగు కొంతదూరం వెళ్ళి గడ్డిలో చిక్కుకుంటే పిల్లాడు దాన్ని కర్రతో తోశాడు. నిజం చేపలు వచ్చి చిలగడదుంప చేపలను పొడుస్తున్నాయి. నాకు ఆ పళ్ళేలంటే ఎంత రోతగా ఉందో, వాటిని పారేయడం అంతకన్నా రోతగా ఉంది.

తిరిగి వచ్చేసరికి అక్క పొయ్యి ముందు కూర్చుని ఉంది. మంట ఎగదోయాల్సిన అవసరం లేకపోయినా ఎగదోస్తోంది. పెద్దకోడలు బండిలోంచి తాను తెచ్చిన ఊరగాయ జాడీ దించుతోంది. ఉపవాసం విడవడానికని తెచ్చుకున్న అవిసాకూ, ఉసిరికాయా నోట్లో వేసుకుని, ఊరగాయతో రెండు ముద్దలు మింగి లేస్తానని ముసలావిడ అందట. అలా జరిగితే ఆ రోజుతో అక్క పని అయిపోయినట్టే.

ఎద్దు ఒకటి అరిచింది. దాని ముందు కొద్ది దూరంలో తొక్కల బుట్ట ఉంది. కుడితిలో వేయడానికని అక్క పక్కన పెట్టించింది. బీర తొక్కలు, ఆనప తొక్కలు, అరటికాయ చెక్కులు, గుమ్మడి ముక్కలు, కోసి తీసేసిన కొసలు, అన్నీ అందులోనే. ముసలావిడ దానికేసి చూసింది. తరువాత నాకేసి చూసింది.

"ఒరే అబ్బీ, సదువుకున్నోడివి, అబద్ధం సెప్పకు. తొక్క తీసేక కళ్ళెట్టేరా, కళ్ళెట్టేక తొక్క తీసేరా?"

అక్క చేతిలో కట్టె ఆగిపోయింది. అప్పటికి నాకు అర్థమైంది. కళ్ళు పెట్టాకే అది జీవం. అంతకుముందు తీసిన తొక్క కాయ తొక్క. తరువాత తీసిన తొక్క చర్మం.

తొక్క తీసే పని రెండోది, కళ్ళు పెట్టే పని చివరిదని చెప్పాను. కోసిన కొసలన్నీ కూడా కళ్ళకు ముందువే. దోసకాయ తాబేలు ఒక్కటే తేడా, దాని వీపు తొక్క కళ్ళు పెట్టాక తీసినది అని కూడా చెప్పాను. చెప్పకపోయినా ఎవరికీ తెలియదు. కానీ అడిగింది ఆ వరసే గదా.

"దోసతొక్కలు ఏరి ఎద్దుకెయ్. మిగతాయి పచ్చడి నూరే," అంది ఆవిడ అక్కతో.

ఏరే పని నాదే అయింది. బుట్టలో మోచేతిదాకా చేయి పెట్టాను. వెచ్చగా, తడిగా, పులుపు వాసన. దోసతొక్కలు ఒక్కొక్కటే తీసి పడేస్తుంటే కిందనుంచి చిలగడదుంప కొస ఒకటి వచ్చింది. దాని మీద చిన్న చిన్న పళ్ళ గాట్లు, అర్ధచంద్రంలా, చాలా స్పష్టంగా ఉన్నాయి. ఆ పక్కనే ఒక గుమ్మడి ముక్క మీద కూడా. రెండూ ఎద్దు ముందుకు విసిరేశాను. తల ఎత్తితే అక్క నన్నే చూస్తోంది. తన పిల్ల పళ్ళు తనకు తెలియవా.

ముసలావిడ ఎంగిలి సంగతి అడగలేదు. ముక్కు సంగతి అడగలేదు. అక్క వచ్చి నా చేతిలోంచి బుట్ట లాక్కుంది.

"కడుగుతాను. మూడు నీళ్ళు కడుగుతాను," అంది, ఎవరితోనూ కాకుండా.

మూడు కాదు, ఇంకా ఎక్కువే కడిగింది. తరువాత ఆమె చేతులు ఎంత వేగంగా కదిలాయో, ఆ వేగంతో పనిచేసే లేతు మిషను నేను చూడలేదు. తొక్కలను మిరపకాయలతో నూనెలో వేయించింది. సన్నికల్లు మీద చింతపండు, బెల్లం, ఉప్పు వేసి నూరింది. కొసలూ, గుమ్మడి ముక్కలూ పులుసులో పడేసింది. ఉసిరిచెట్టు నీడ మొదటికి చేరుతోంది. బావ విస్తర్లతో వచ్చి, అందరి ముఖాలూ చూసి, వాటిని పరవడం మొదలుపెట్టాడు.

ముసలావిడ ఉసిరికాయ కొరికింది. అవిసాకుతో మొదటి ముద్ద మింగింది. రెండో ముద్దకు పచ్చడి కలిపింది. మేమంతా ఆమె దవడకేసే చూస్తున్నాం. ఆవిడ నములుతుంటే నా నాలుక మీద ఆనప బంక, ముక్కు చీమిడి, పేడ చీపురు, ఒకదాని తరువాత ఒకటి తిరిగాయి.

ఆవిడ మళ్ళీ పచ్చడి వేయమంది. ఆ తరువాత అన్నం వేయమంది. పులుసు పోయించుకుని విస్తరి వంచి తాగింది. పెద్దకోడలు ఊరగాయ జాడీ మూత తీసి ముందుకు జరిపితే, దాన్ని చూడకుండానే పక్కకు తోసింది.

చేయి కడుక్కుని, లేవడానికి అక్క భుజం పట్టుకుంది.

"రేపేడాది కూడా నివ్వే వొండు. బొమ్మలు మానీ. తొక్కలు సాలు." నా వైపు తల తిప్పింది. "ఈడు కూడా ఉండాల. ఏది ముందో ఏది ఎనకో తెలిసినోడు."

తరువాత మేము తినడానికి కూర్చున్నాం. అక్క నా విస్తట్లో పచ్చడి వేసింది. వద్దనలేదు, ముట్టుకోలేదు. మజ్జిగన్నం మాత్రం తిన్నాను. పచ్చడిని విస్తరి అంచుకు, దేనికీ తగలకుండా జరిపాను. పక్కన కూర్చున్న ఆఖరు పిల్ల దాన్ని కాసేపు గమనించి, చేయి చాచి మొత్తం తీసుకుని నాకేసింది. ఆ వేళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

ఎదురుగా అక్క, పొద్దుటినుంచి మొదటిసారి కూర్చుని, సన్నికల్లుకు అంటుకున్న పచ్చడిలో వేడి అన్నం వేసి తుడుచుకుని తింటోంది. కంట్లో నీళ్ళు ఉన్నాయి, కారానికో దేనికో. బాగుందా అని నన్నడిగింది. బాగుందని తలూపాను. మిగిలింది గిన్నెలో పెట్టిస్తాను, రైల్లో తిందువు గాని అంది.